రెండో బెజ్జం

లాల్‌బీ నోటికి జంకనివాడు గద్వాలలో ఒక్కడున్నాడంటే, వాడికి చెవుడైనా ఉండాలి, లేదా వాడు నిన్ననే ఊళ్లో దిగి ఉండాలి.

మనిషి చూడబోతే గుప్పెడంత. నలభై దాటినా నడకలో ఎక్కడా తగ్గేది లేదు. పొద్దున్నే చంకలో గాసునూనె డబ్బా, చేతిలో గరాటు, కొలపాత్ర పెట్టుకుని సాలెవాళ్ల వీధిలోకి దిగిందంటే, మనిషికన్నా ముందు గొంతే గడప గడపకూ చేరేది. కిరసనాయిలును అటువైపు గాసునూనె అంటారు. మగ్గం గుంతల దగ్గర దీపం వెలగాలన్నా, వంటింట్లో బుడ్డి వెలగాలన్నా ఆ వీధికి లాల్‌బీ రావాల్సిందే. తక్కువ కొలిచిందన్న మాట పాతికేళ్లలో ఎవరి నోటా రాలేదు. అంటే ఊరుకునేదా ఏమిటి! కొలపాత్ర అంచు దాకా నింపి, పైన ఇంకాస్త కొసరు పోసి, "చూస్కో, మళ్ల అనొద్దు" అని కళ్లెర్రజేసేది. మంచి పని కూడా కోపంగానే చేసే మనుషులు కొందరుంటారు, ఈమె ఆ కోవ.

ఆ పని నేర్పింది అత్త రహీమున్నీసా. కాపురానికి వచ్చిన కొత్తలో, పదహారేళ్ల లాల్‌బీ తనకు తోచినట్టు సీలు డబ్బాకు మేకుతో ఒక్క బెజ్జం కొట్టి వంచింది. నూనె గుటకేసి ఆగింది. మళ్లీ గుటకేసింది. ఆపైన ఒక్కసారిగా ఎగదన్ని ఆమె పెళ్లిచీర మీద పడింది. అత్త తిట్టలేదు. మేకు అందుకుని డబ్బా రెండో మూలన ఇంకో బెజ్జం కొట్టింది. ఈసారి నూనె సన్నటి ధారగా, చప్పుడు లేకుండా దిగింది.

"నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలె బేటీ. రెండో బెజ్జం మరువకు" అంది ముసలావిడ. లాల్‌బీ చదివిన బడి అదొక్కటే.

మొగుడు ఇమామ్ సాహెబ్ స్వభావంలో ఆమెకు పూర్తిగా ఎదురు. యుద్ధం వచ్చాక సర్కారు పెట్రోలుకు రేషను చీటీలు పెట్టింది గానీ, ఆయన తన మాటలకు పెళ్లినాడే చీటీలు పెట్టుకున్నాడు. మానవపాడు వైపు భూములున్న లక్ష్మీదేవమ్మ దొరసానికి గద్వాలలో లంకంత ఇల్లు, ఆ ఇంట్లో ఒక పాత మోటరు. పద్దెనిమిదేళ్లుగా దాన్ని నడిపేది ఇమామ్ సాహెబే. గుడ్డ టాపు, ఇత్తడి దీపాలు, పోంపోం అనే రబ్బరు బుడ్డి హారను. ముందు అద్దానికీ ఇంజనుకూ మధ్య పెట్రోలు టాంకు, దాని నెత్తిన అరచేతిలో ఇమిడేంత ఇత్తడి మూత. పంపూ గింపూ ఏమీ లేదు. పైనున్న పెట్రోలు సన్నటి గొట్టం వెంట తనంతట తానే ఇంజనులోకి దిగాలి. ముందు నిలబడి ఇనుప హ్యాండిలు తిప్పితే తప్ప ఆ మహాతల్లి లేవదు.

ఆయనకు దానిమీద ఎంత ప్రేమంటే, లాల్‌బీ దాన్ని సవతి అనేది. "అజీ, నా సవతికి స్నానమయ్యిందా?" అని పొద్దున్నే అడిగితే ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు. ఇంత చేసీ పద్దెనిమిదేళ్లలో ఆమె ఆ మోటరు ఒక్కసారి ఎక్కలేదు. డ్రైవరు పెళ్లాం దొరసాని సీట్లో కూర్చోవడమేమిటని ఆయన పిలవలేదు, ఈమె అడగనూ లేదు.

ఇక నలభైమూడో సంవత్సరం దసరా సంగతికి వస్తాను. పెట్రోలు కరువుగా ఉందని, చుక్క కూడా గాలికి పోకూడదని, ఇమామ్ సాహెబ్ పండగకు ముందే టాంకు మూతకు లోపలి అంచు చుట్టూ కొత్త తోలు పట్టీ బిగించాడు. నవమినాడు మోటరుకు ఆయుధపూజ. పూజ చేసే అయ్యవారు జ్వరంతో పడుకుంటే, దొరసాని గుమాస్తా శ్రీశైలం ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు. అబ్బో, ఆ మనిషి పెత్తనం చూడాలి! అయ్యవారు ఏటా నాలుగు బొట్లు పెట్టి వదిలేసేవాడు. ఈయన ఒక గిన్నెడు పసుపు కలిపించాడు. ఇనుము మీద పసుపు నిలవదు, ఎండగానే రాలిపోతుందని, సాలెవాళ్లు పడుగుకు పెట్టే గంజి తెప్పించి అందులో కలిపాడు. దీపాలకు, చక్రాలకు, హ్యాండిలుకు, చివరికి టాంకు మూతకు కూడా వేలెడు మందాన పట్టించి, ఆ మూత నెత్తిన బంతిపువ్వు గుచ్చి, దూరం జరిగి చూసి మురిసిపోయాడు. మోటరు పెళ్లికూతురిలా ఉందని దొరసాని కూడా మెచ్చుకుని, ఈ పసుపు దీపావళి దాకా ఎవరూ తుడవొద్దని చెప్పింది.

ఇమామ్ సాహెబ్ ఎందుకు తుడుస్తాడు? అసలే మర్యాద మనిషి. హిందువుల పూజ పసుపు తన చేత్తో తీశాడన్న మాట ఎక్కడ వస్తుందో అని, పెట్రోలు పోసేటప్పుడు మూత అంచును రెండువేళ్లతో పట్టుకుని, ఆ పసుపు చెదరకుండా తిప్పి తీసేవాడు. అంత జాగ్రత్తగానే మళ్లీ బిగించేవాడు.

పండగైన మూడోనాటినుంచి మోటరు మొరాయించింది. లేస్తుంది, నాలుగు అడుగులు పోతుంది, దగ్గి చచ్చిపోతుంది. ఆ తర్వాత హ్యాండిలు ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. ఒకనాడు దొరసాని మానవపాడు బయల్దేరితే ఊరు దాటకముందే ఆగిపోయింది. ఎడ్లను కట్టి వెనక్కి లాక్కొచ్చారు. సాలెవాళ్ల వీధి పొడుగునా, పట్టపగలు, ఎడ్ల వెనక మోటరు, మోటరులో తలొంచుకుని ఇమామ్ సాహెబ్! అరుగుల మీద ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. లాల్‌బీ గడపలో నిలబడి అంతా చూసింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అది చాలదన్నట్టు శ్రీశైలం ఒక మాట వదిలాడు. పెట్రోలు దొరకని కాలమిది, డ్రైవరు పెళ్లాం గాసునూనె అమ్ముతుంది, ఇంకేం కావాలి? టాంకులో పెట్రోలు తీసి డబ్బాలో, డబ్బాలో గాసునూనె తీసి టాంకులో పోస్తున్నారన్నాడు. తన మేనల్లుడికి మోటరు నడపడం వచ్చునన్న సంగతి మాత్రం అనలేదు. అది ఊరందరికీ తెలిసిందే.

మర్నాడు పొద్దున లాల్‌బీ డబ్బాతో వీధిలోకి దిగితే ఒక్క గడపలోనూ చెంబు బయటికి రాలేదు. చివరికి సాలెవాళ్ల తిమ్మమ్మ, ఇరవయ్యేళ్లుగా పక్కింట్లో ఉంటున్న తిమ్మమ్మ, ముందురోజు పోయించుకున్న నూనె చెంబుతో సహా తెచ్చి ముందు పెట్టింది.

"ఏమనుకోకు లాల్‌బీ. గీ నూనెల పెట్రోలు కలిసిందని అంటుండ్రు. దీపం భగ్గుమంటే మగ్గం మీద చీర మొత్తం పోతదని మా అత్త భయపడుతుంది."

"నువ్వేమంటవు తిమ్మమ్మా? నువ్వు జెప్పు."

తిమ్మమ్మ నేల చూపులు చూసింది. "నాకేం తెల్వదు తల్లీ" అని లోపలికి పోయింది.

లాల్‌బీ జీవితంలో మొదటిసారి ఆ వీధిలోంచి ఒక్క మాటా అనకుండా నడిచింది. ఇంటికొచ్చేసరికి ఇమామ్ సాహెబ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వనపర్తి నుంచి బస్సుల మేస్త్రీ కురుమూర్తిని పిలిపించారని, తను ఇప్పుడే అక్కడికి పోవాలని చెప్పాడు. మోటరు బాగుకాకపోతే సాయంత్రానికల్లా తాళంచెవి గుమాస్తాకు ఇచ్చేయాలట. రేపు పొద్దున పోలీసు అమీనుకు కబురు పోతుందట.

"అజీ, నిజం జెప్పు. ఎప్పుడన్న ఒక్క చుక్క..." అని అడగబోయింది.

ఆయన తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపుకు లాల్‌బీ సిగ్గుతో చచ్చిపోయింది. నేనా, నేనా ఈ మాట అడిగింది, అని తన నోటిని తానే తిట్టుకుంది. పాతికేళ్లుగా ఈ మనిషి పక్కన పడుకుని లేచానే, ఊళ్లో వాళ్లను అనేదేముంది ఇంక! డబ్బా చంకన పెట్టుకుంది.

"నడు. నేను గూడ వస్త."

"నువ్వెందుకు?"

"నా నూనె పేరు గూడ తీసిండ్రు గద! నడు అంటున్న గదా!"

దొరసాని ఇంటి వాకిట్లో అప్పటికే జనం. లక్ష్మీదేవమ్మ అరుగు మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. కోపం లేదు గానీ, నమ్మకం పోయిన మనిషి మొహం అది. కురుమూర్తి మోచేతుల దాకా మసితో ఇంజనులో దూరి ఉన్నాడు. గుమాస్తా శ్రీశైలం తెల్లటి కండువా భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

లాల్‌బీ నేరుగా అరుగు ముందుకు పోయి దండం పెట్టింది.

"దొరసానమ్మా, నా మొగడు దొంగ కాడు. గాసునూనె సంగతి గీ ఊర్ల నాకన్న ఎక్కువ తెలిసినోళ్లు ఎవరన్న ఉంటే రమ్మనుండ్రి. టాంకుల ఉన్నది పెట్రోలో, నా నూనెనో, మీ కండ్ల ముందర్నే చూపిస్త. జర ఒక తెల్లగుడ్డ కావాలె."

ఎవరైనా గుడ్డ తెచ్చేలోగా శ్రీశైలం భుజం మీది కండువా ఆమె చేతిలోకి వచ్చేసింది. ఎప్పుడు లాగిందో ఆయనకే తెలియదు. టాంకులో పుల్ల ముంచి కండువా ఒక కొసన నాలుగు చుక్కలు వేసింది. తన డబ్బాలోంచి ఇంకో కొసన నాలుగు చుక్కలు వేసింది. ఎండలో పరిచి అందరినీ రమ్మంది. చూస్తుండగానే టాంకు చుక్కలు ఆరి, గుడ్డ ఎప్పటిలా తెల్లగా అయింది. గాసునూనె చుక్కలు మాత్రం పాకి పాకి అరచేయంత మరకై కూర్చున్నాయి.

"పావొంతు కలిపినా మరక మిగుల్తదమ్మా. ఏదీ, మరక ఏదీ?" అని, కండువా మడిచి మళ్లీ గుమాస్తా భుజం మీద వేసింది. "గుమాస్తయ్యా, గీ వాసన పది ఉతుకులకు గూడ పోదు. ఏమనుకోకుండ్రి."

జనంలో కిసుక్కుమన్నారు. శ్రీశైలం మొహం మాడిపోయింది.

"ఈ దినం మంచిది పోసిండేమో, ఎవరికి తెలుసు? పెట్రోలు మంచిదే అయితే మోటరు ఎందుకు నడుస్తలేదు? గది జెప్పు ముందుగాల!"

ఆ మాట దొరసానికి కూడా తగిలింది. "అదీ నిజమే లాల్‌బీ. కారణం తెలియంది నేనెట్ల నమ్మాలె? సాయంత్రం దాకా చూద్దాం" అంది.

లాల్‌బీ డబ్బా కింద పెట్టి దానిమీదే కూర్చుంది. ఇక్కడినుంచి లేచేది లేదన్నట్టు కూర్చుంది.

కురుమూర్తి పనివాడే, పేరు పెట్టడానికి లేదు. ప్లగ్గు విప్పి చూశాడు, నిప్పురవ్వ చిటచిటలాడుతూ వచ్చింది. తన అలవాటు ప్రకారం టాంకు మూత తీసి పుల్ల ముంచి చూశాడు, పెట్రోలు సగానికి పైనే ఉంది. గొట్టం విప్పాడు, నిండు ధార దూకింది. అన్నీ బిగించి ఇమామ్ సాహెబ్‌కు సైగ చేశాడు. ఆయన హ్యాండిలు అందుకుని ఒక్క తిప్పు తిప్పగానే మోటరు లేచింది. జనం ఓహో అన్నారు. వాకిట్లో ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, మూడో చుట్టులో దగ్గింది, చచ్చింది. ఇమామ్ సాహెబ్ చొక్కా తడిసి వీపుకు అంటుకునేదాకా హ్యాండిలు తిప్పాడు. ఊహూ.

కురుమూర్తి మళ్లీ మూత తీశాడు. పుల్ల ముంచాడు. గొట్టం విప్పాడు. మళ్లీ అదే నిండు ధార.

"నేను చూసినప్పుడు అన్నీ మంచిగుంటయి. చూపు మళ్లిస్తే సస్తది. పదిహేనేండ్లల్ల గిట్లాంటి పరేషాన్ చూడలేదమ్మా" అని నుదురు తుడుచుకున్నాడు.

మళ్లీ బిగించారు. మళ్లీ లేచింది. మళ్లీ మూడో చుట్టులో పడిపోయింది. శ్రీశైలం గొంతు సవరించుకుని, తాళంచెవి కోసం చేయి చాపాడు. ఇమామ్ సాహెబ్ జేబులో చేయి పెట్టాడు. పద్దెనిమిదేళ్లు ఆ తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకున్న మనిషి, ఇప్పుడు దొంగ పేరుతో ఇచ్చేస్తున్నాడు.

అప్పుడే కురుమూర్తి ఇంకొక్కసారి చూద్దామని మూత తిప్పాడు. లోపలినుంచి సుయ్‌మని చిన్న చప్పుడు వచ్చింది. ఎవరికీ పట్టలేదు. లాల్‌బీ మాత్రం కూర్చున్న డబ్బా మీంచి దిగ్గున లేచింది. పాతికేళ్లుగా రోజూ విన్న చప్పుడది. ఒక్క బెజ్జం కొట్టిన డబ్బాకు రెండోది కొట్టగానే వచ్చే చప్పుడు!

"ఆగు తమ్మీ! మూత ముట్టకు! అజీ, తాళంచెవి జేబుల్నే పెట్టు!"

ఆమె మోటరు దగ్గరికి పరుగెత్తింది.

"తమ్మీ, నువ్వు ప్రతిసారి ముందుగాల మూత తీస్తున్నవు, ఎనక గొట్టం ఇప్పుతున్నవు. గట్ల కాదు. మూత గట్టిగ బిగియ్యి. బిగించి మోటరు లేపు. సచ్చినంక మూత ముట్టకుండ గొట్టం ఇప్పు."

"అట్ల ఇప్పితే ఏమయితదక్కా?"

"ఇప్పి చూడు!"

మోటరు లేచింది, తిరిగింది, చచ్చింది. ఈసారి కురుమూర్తి మూత జోలికి పోకుండా గొట్టం విప్పాడు. అందరూ వంగి చూశారు. గొట్టంలోంచి ఒక్క చుక్క రాలింది. ఇంకో చుక్క వేలాడి, పడాలా వద్దా అన్నట్టు అక్కడే ఆగిపోయింది. టాంకులో సగానికి పైన పెట్రోలు! లాల్‌బీ చేయి చాచి మూత తిప్పింది. సుయ్‌మంది. మరుక్షణం గొట్టంలోంచి ధార దుమికి కురుమూర్తి మోకాళ్లు తడిపేసింది.

"యా అల్లా!" అన్నాడు ఇమామ్ సాహెబ్. ఆ నెలలో ఆయన అంత గట్టిగా అన్న మాట అదే.

"గాలి అక్కా, గాలి!" కురుమూర్తి ఎగిరి గంతేశాడు. "మూతకు సూదిమొనంత బెజ్జం ఉండాలె, గాలి పోనికి! నేను ఎన్నిసార్లు మూత తీసిన, ఒక్కసారి దాని నెత్తి చూడకపోతిని!"

మూత నెత్తిన ఏముంది? వేలెడు మందాన పసుపు, వాడిపోయిన బంతిపువ్వు.

ఇమామ్ సాహెబ్ మూతను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. గీకడానికి ఆయనకు చేయి రాలేదు. లాల్‌బీ కూడా గీకలేదు. మూత తీసుకెళ్లి దొరసాని ముందు పెట్టింది.

"మీ పూజ పసుపమ్మా. ముట్టొద్దని ఈయన ఎడ్ల ఎనక తలకాయ వంచుకుని కూసున్నడు గానీ, ఇన్ని దినాలు గోరు గూడ తగలనియ్యలే. మీరే మీ చేత్తో తియ్యాలె."

లక్ష్మీదేవమ్మ కాసేపు ఇమామ్ సాహెబ్ వైపు చూసింది. ఆమె కళ్లు తడిశాయి. మూత అందుకుని గోటితో గీకింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా గీకింది. గోరు విరిగినంత పనయింది.

"ఇదేం పసుపయ్యా శ్రీశైలం? గోడకు గచ్చు చేసినట్టున్నది!"

"రాలిపోవద్దని, అమ్మా... జరంత గంజి..."

వాకిలంతా గొల్లుమంది. దొరసాని కూడా ఆపుకోలేకపోయింది. గుమాస్తా చేతే నీళ్లు తెప్పించి నానబెట్టి, పెచ్చులుగా వచ్చిన పసుపును కళ్లకద్దుకుని తులసికోటలో వేయించింది. లాల్‌బీ కొంగుముడి విప్పింది. స్టవ్వు బెజ్జాలు పూడితే పొడవడానికి ఎప్పుడూ దగ్గర ఉంచుకునే సన్నటి పిన్ను తీసి, ఇత్తడి మూత నడిమధ్యన పూడుకున్న బెజ్జంలో గుచ్చి, తిప్పి, లాగింది. ఇమామ్ సాహెబ్ మూతను ఎండకు ఎత్తిపట్టాడు. ఆవగింజంత వెలుగు ఆయన అరచేతిలో పడింది.

ఇక ఆ మోటరు ఆగితే ఒట్టు! వాకిట్లో పది చుట్లు తిరిగింది. ప్రహరీ గవిని దాటి పోయింది, దుమ్ము లేపుకుంటూ తిరిగొచ్చింది. ఇమామ్ సాహెబ్ హారను పిసుకుతూనే ఉన్నాడు. కురుమూర్తి చేతులు తుడుచుకుని లాల్‌బీకి దండం పెట్టాడు. దొరసాని అరుగు దిగొచ్చింది.

"తప్పు మాది లాల్‌బీ. ఏం కావాల్నో అడుగు."

లాల్‌బీ ఏమాత్రం ఆలోచించలేదు.

"మోటరును ఎడ్లు గుంజుకపోయిన తొవ్వలనే నేను మోటరెక్కి పోవాలె. హ్యాండిలు గుమాస్తయ్య తిప్పాలె."

"తిప్పు శ్రీశైలం" అంది దొరసాని.

పాపం శ్రీశైలం! గాసునూనె కంపు కొట్టే కండువా నడుముకు చుట్టుకుని, పళ్లు బిగించి తిప్పాడు. మోటరు మొదటి తిప్పుకే లేచింది గానీ, లాల్‌బీ సీట్లో సర్దుకుని కూర్చున్నాక, "సరింగ లేవలే, ఆపి ఇంకోపారి తిప్పమను" అంది. ఇమామ్ సాహెబ్ మారుమాట లేకుండా ఆపాడు. మీసాల్లో మాత్రం నవ్వాడు.

సాలెవాళ్ల వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. వెనక సీట్లో రాణిలా లాల్‌బీ, ఒళ్లో గాసునూనె డబ్బా. అరుగులన్నీ నిండాయి. తిమ్మమ్మ గడప దగ్గర మోటరు ఆపించింది.

"ఓ తిమ్మమ్మా! చెంబు తీస్కరా!"

తిమ్మమ్మ తెచ్చింది. లాల్‌బీ సీటు దిగకుండానే వంగి, కొలపాత్ర అంచు దాకా నింపి పోసి, పైన కొసరు పోసింది. వెనకే తిమ్మమ్మ అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ చెంబులోంచి బుడ్డిలోకి ఇంత ఒంపించి, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, గడపలో దీపం వెలిగించింది. దీపం భగ్గుమనలేదు. నిదానంగా, నిలకడగా వెలిగింది.

"నా తల్లి నూనె!" అని ముసలామె మోటరు మీద చేయి వేసి లాల్‌బీ గడ్డం పట్టుకుంది. తిమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. లాల్‌బీ ఏదో తిడదామని నోరు తెరిచి, తిట్టకుండా ఆ చెంబులో ఇంకాస్త కొసరు పోసింది.

వీధి పొడుగునా గడపల్లోంచి చెంబులు బయటికి వస్తున్నాయి. ఇమామ్ సాహెబ్ వెనక్కి తిరిగి చూసి, "మెల్లగ పోనియ్యాలెనా?" అని అడిగాడు.

"మెల్లగనే పోనియ్యి" అంది లాల్‌బీ. "డబ్బా నిండ నూనె ఉన్నది."